డెమో దాటని ఇంగ్లీషు

ఇప్పటి పిల్లలు ఉయ్యాల్లో ఉండగానే ఇంగ్లీషులో ఏడుస్తున్నారు గానీ, ఆ రోజుల్లో మాకు ఇంగ్లీషు అంటే చదువులన్నీ అయిపోయాక విడిగా నేర్చుకోవాల్సిన విద్య. డిగ్రీ పట్టా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, బట్టల సంచీ భుజాన తగిలించుకుని అమీర్‌పేట చేరితే తప్ప అది వచ్చేది కాదు. అలాగని నేను చదివింది తెలుగు మీడియం అనుకునేరు. పక్కా ఇంగ్లీషు మీడియం. అంటే పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి, లెక్చరర్లు వాటిని తెలుగులో చెప్పేవాళ్ళు, మేం బట్టీ పట్టి మళ్ళీ ఇంగ్లీషులో రాసేవాళ్ళం. (దిద్దేవాళ్ళు ఏ భాషలో దిద్దేవాళ్ళో నాకు తెలీదు.) ఈ ఏర్పాటులో నోరు తెరవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు కాబట్టి అందరం సుఖంగానే ఉన్నాం. తీరా డిగ్రీ చేతికొచ్చాక, ఉద్యోగం కావాలంటే ఆ నోరే తెరవాలని తెలిసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

మా నాన్నకు భీమవరం దగ్గర ఎరువుల కొట్టు. నన్ను హైదరాబాదు బస్సెక్కిస్తూ చాలా ప్రేమగా చెప్పాడు. "దసరా దాకా చూడు అమ్మలూ. ఉద్యోగం వచ్చిందా, నీ ఇష్టం. రాలేదా, దిగులేం పెట్టుకోకు, మన కొట్టు ఉండనే ఉంది. కౌంటర్లో నమ్మకమైన మనిషి లేక చస్తున్నాను." సెలవులన్నీ ఆ కొట్లో గడిపిన దాన్ని నేను. సాయంత్రం ఇంటికొచ్చి తలంటు పోసుకున్నా జుట్టులోంచి పురుగుమందు వాసన వదిలేది కాదు. దసరా తర్వాత జీవితమంతా ఆ వాసనలో కూర్చోవడం తల్చుకుంటే ఏడుపొచ్చేది. హైదరాబాదులో ఉండిపోవాలి, అంతే. అందుకు ఉద్యోగం కావాలి, ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, ఇంగ్లీషుకి మా పిన్ని కావాలి. ఎందుకంటే పంజాగుట్టలో మా పిన్ని ఇంట్లోనే నా మకాం.

మా పిన్నికి ఒక నియమం ఉంది. రుచి చూడకుండా ఏదీ కొనదు. బండి మీద ద్రాక్షపళ్ళు కొనాలంటే ముందు రెండు గింజలు నోట్లో వేసుకుంటుంది, పక్క బండి దగ్గరికెళ్ళి ఇంకో రెండు వేసుకుంటుంది, వీధి చివరికొచ్చేసరికి కడుపు నిండి, "ఈపూట ఏవీ బాగాలేవే" అని ఇంటికొచ్చేస్తుంది. కందిపప్పుని కొరికి చూస్తుంది. చీరల షాపులో బీరువా మొత్తం పరుపు మీదికి దిగాక అప్పుడు కళ్ళజోడు పెట్టుకుంటుంది. "పెళ్ళిచూపుల్లో నాకు సరేనంది చూడు, అదొక్కటే మీ పిన్ని తొందరపడి చేసిన పని" అంటాడు బాబాయ్. ఆ మాట అన్నప్పుడల్లా పిన్ని కూడా ఒప్పుకుంటుంది.

అలాంటి మనిషిని తీసుకెళ్ళి అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన మైత్రీవనం ముందు నిలబెడితే ఏమవుతుంది? అప్పట్లో మెట్రో స్తంభాలు లేస్తున్న దుమ్ములో, బోర్డు మీద బోర్డు వేళ్ళాడే ఆ బిల్డింగుల కింద, అడుగు తీసి అడుగు వేస్తే చేతిలో ఒక కరపత్రం పెట్టేవాళ్ళు. (పిన్ని ఒక్కటీ పారేయలేదు, వంటింటి అరలన్నింటికీ అవే పరిచింది.) ప్రతి కరపత్రం మీదా పెద్దక్షరాల్లో ఒకటే మాట, ఉచిత డెమో. ఏ కోర్సయినా సరే, మొదటి క్లాసు ఊరికే విని, నచ్చితేనే ఫీజు కట్టొచ్చు. ఆ మాట చదివాక పిన్ని మొహంలో వెలుగు నేనింకా మరిచిపోలేదు. "చూశావా, ఎంత మర్యాదస్తుల ఊరో! ఒక మూడు నాలుగు చూసి, బాగున్నదాంట్లో చేరుదువు గాని. నేనూ వస్తాను, నీకు బేరం చేతకాదు" అంది.

మొదటి డెమోలో చెప్పినాయన బక్కపల్చగా, చొక్కా చేతులు మడిచి, సినిమా హీరో ఎంట్రీలా వచ్చాడు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. బోర్డు మీద రెండే మాటలు రాశాడు, బోరింగ్ అనీ బోర్డ్ అనీ. "మీరు ఫ్రెండ్స్‌తో ఏమంటారు? ఐయామ్ బోరింగ్ అంటారు. అంటే ఏం చెప్పినట్టు? నేనొక పెద్ద తలనొప్పిని, నా పక్కన కూర్చోకండి అని మీ అంతట మీరే బోర్డు కట్టుకున్నట్టు. విసిగించేది ఇంగ్, విసిగిపోయేది ఈడీ. లెక్చర్ బోరింగ్, స్టూడెంట్ బోర్డ్. మ్యాచ్ ఎగ్జైటింగ్, చూసేవాడు ఎగ్జైటెడ్. మీ రిజల్ట్ షాకింగ్, మీ డాడీ షాక్డ్." హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు తగ్గకముందే ఆయన వేలు నా వైపు తిరిగింది. "మేడమ్, ఆర్ యు ఇంట్రెస్టెడ్ ఆర్ ఇంట్రెస్టింగ్?" ఎప్పుడూ నోరు తెరవని దాన్ని, ఆరోజు తెరిచాను. "ఇంట్రెస్టింగ్ సార్" అన్నాను. "దట్ అదర్స్ షుడ్ సే, మేడమ్" అన్నాడాయన. హాలు మళ్ళీ గొల్లుమంది. చెవులు వేడెక్కిపోయి కూర్చున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ పాఠం మాత్రం ఎముకల్లోకి దిగిపోయింది.

దారిలో పిన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఇంతేనా! అత్త ఇంగ్, కోడలు ఈడీ." ఆ రాత్రి భోజనాల దగ్గర బాబాయ్ మీద ప్రయోగం జరిగింది. టీవీ సీరియల్ ఇరిటేటింగ్, బాబాయ్ ఇరిటేటెడ్. బీరకాయ కూర డిజప్పాయింటింగ్, బాబాయ్ డిజప్పాయింటెడ్. "నేనెప్పుడూ ఈడీయేనా? ఒక్కసారైనా ఇంగ్ అవనా?" అని ఆయన కంచం ముందు దీనంగా అడిగాడు. "మీరు గురక పెట్టినప్పుడు ఇంగే" అంది పిన్ని. ఇంకేముంది, అక్కడే చేరిపోతామనుకున్నాను. తెల్లారగానే పిన్ని, "బాగానే ఉంది, అయినా ఇంకోటి చూద్దాం" అంది.

రెండో డెమో వేరే బిల్డింగులో, వేరే బోర్డు కింద. ముందు వరసలో కూర్చున్నాం. తలుపు తెరుచుకుంది. చొక్కా మాత్రమే మారింది, మనిషి ఆయనే! మమ్మల్ని చూసి ఒక్క క్షణం తడబడ్డాడు, తర్వాత ముక్కూ మొహం తెలియనట్టు గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. బోరింగ్, బోర్డ్ అని రాశాడు. సరే, ఈ రెండు చోట్లా ఆయనే కాబోలు అనుకుని మూడో చోటికి వెళ్ళాం, అక్కడా ఆయనే. ఈసారి ఆయన "మీ రిజల్ట్" అనగానే, షాకింగ్ దాకా ఆగలేక పిన్ని పకపకా నవ్వేసింది. ఆయన మొహంలో రంగు మారిపోయింది. క్లాసయ్యాక మెట్ల కింద చాయ్ బండి దగ్గర మమ్మల్ని పట్టుకున్నాడు. క్లాసులో అంత నాజూకుగా మాట్లాడే మనిషి, బయట పూర్తిగా వేరే మనిషి.

"అక్కా, జర ఆగుండ్రి. మీరు గీడ సుత వచ్చిన్రు, మంచిదే. గని జోక్ చెప్పకముందే నవ్వితే ఎట్లక్కా? ఎన్క కూసున్నోళ్ళకు డౌటొస్తది."

"నువ్వు వెళ్ళిన ప్రతిచోటా అదే చెబితే మేమేం చేస్తాం బాబూ? ఇంకో పాఠం రాదా ఏంటి నీకు?" అంది పిన్ని.

"మస్తు వస్తయక్కా. టెన్సులొస్తయి, ఆర్టికల్సొస్తయి. గని డెమోల అవి చెప్తే ఒక్కడు సుత జాయిన్ గాడు. గీ పాఠమైతే అందరు నవ్వుతరు, ఏదో వచ్చేసినట్టనిపిస్తది, ఫీజు గట్టి పోతరు. మర్నాటి సంది వేరే సారొచ్చి చెప్తడు."

"మరి మీరో?" అన్నాన్నేను.

"నేను పక్క బిల్డింగుకు పోత" అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.

అప్పుడు తెలిసింది మాకు అమీర్‌పేట గుట్టు. పెళ్ళిళ్ళకి మేళం వాళ్ళని పిలిచినట్టు డెమోకి ఆయన్ని పిలుస్తారు, మేళం అయ్యాక కాపురం సంగతి వేరేవాళ్ళు చూసుకుంటారు. మేం డెమోలు మాత్రమే వినేవాళ్ళం, ఆయన డెమోలు మాత్రమే చెప్పేవాడు. ఒకరి బండారం ఒకరికి తెలుసు కాబట్టి అక్కడికక్కడే రాజీ కుదిరింది. మేం రెండో వరసలో కూర్చోవాలి, సమయానికి మాత్రమే నవ్వాలి. బదులుగా ఆయన మమ్మల్ని ఎవరికీ పట్టివ్వడు. అప్పట్నుంచి ఆయన మాకు డెమో సార్.

ఇంత తెలిశాకైనా పిన్ని ఎక్కడో ఒకచోట చేర్పిస్తుందనుకున్నాను. అబ్బే! "అన్నిచోట్లా మనిషి ఒకడే అయినప్పుడు మిగతావే చూసుకోవాలి" అని కుర్చీలు చూడ్డం మొదలుపెట్టింది. ఒకచోట ఫ్యాను శబ్దం చేసింది, ఒకచోట మంచినీళ్ళు బోరు నీళ్ళలా ఉన్నాయి, ఒకచోట మెట్లు మరీ నిటారు. డెమోలకొచ్చే పిల్లలు ఆవిడ చుట్టూ చేరి, "ఆంటీ, ఎక్కడ బాగుంటుంది?" అని సలహాలడిగేవాళ్ళు. ఆవిడ అందరికీ ఇంకో నాలుగు చూసి రమ్మని చెప్పేది. నేను మాత్రం రోజురోజుకీ బక్కచిక్కిపోయాను. నాకు ఇంగ్లీషులో వచ్చింది ఆ ఒక్క పాఠమే, దసరా చూస్తే వచ్చేస్తోంది. మా నాన్న ఫోన్లో సంబరంగా చెప్పాడు. "అమ్మలూ, కౌంటరు దగ్గర కొత్త ఫ్యాను పెట్టించాను. సరిగ్గా నీ కుర్చీ మీదికే గాలి." ఆ ఫ్యాను కలలోకి కూడా వచ్చింది.

అప్పుడే బాబాయ్‌కి తెలిసినవాళ్ళ ద్వారా సోమాజిగూడలో ఒక ట్రావెల్ ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, సోమవారం రమ్మని. ఇదొక్కటే దిక్కు, ఇది పోతే కొట్టే గతి. "పిన్నీ, ఇంకెప్పుడు చేరతాను?" అన్నాను ఏడుపు గొంతుతో. "ఆదివారం ఒకటి మిగిలిందే. అది కూడా చూసేసి సోమవారం తేల్చేద్దాం" అంది. "సోమవారమే పిన్నీ ఇంటర్వ్యూ!" "అయితే మంగళవారం." ఆ రోజు నేను బాత్రూంలో కుళాయి విప్పి నిజంగానే ఏడ్చాను.

ఆ ఆదివారం డెమో కొత్తగా పెడుతున్న ఇన్‌స్టిట్యూట్‌లో. యజమాని సఫారీ సూట్లో ఉన్నాడు కాబట్టి మేం ఆయనకి సఫారీ సార్ అని పేరు పెట్టేశాం. హాలు కిటకిటలాడిపోతోంది, ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డెమో సార్ వచ్చాడు, మెడకి మఫ్లర్ చుట్టుకుని. గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. గాలి మాత్రం వచ్చింది. పొద్దున్నుంచి రాత్రి దాకా బిల్డింగు తర్వాత బిల్డింగు అరిచీ అరిచీ ఆ గొంతు పూర్తిగా పోయింది! బోరింగ్, బోర్డ్ అని రాసి, చేతులతో ఏదో చూపించబోయాడు. ఎవరికీ అర్థం కాలేదు. వెనక కుర్చీలు కదిలాయి, సంచీల జిప్పులు మూసుకుంటున్నాయి. పిన్ని మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"లేవే. నీకు నోటికొచ్చుగా."

"నేనా? నాకు భయం పిన్నీ! నువ్వే వెళ్ళు."

"నేను చెప్తే అన్నిటికీ మీ బాబాయే వస్తాడు ఉదాహరణకి. పరువు పోతుంది, లే."

డెమో సార్ మా వైపు చూశాడు. మార్కర్ నా వైపు చాపాడు. అంత బతిమాలుతున్న కళ్ళు నేనెప్పుడూ చూడలేదు. ఎలా లేచానో, ఎలా నడిచానో తెలీదు. బల్ల దగ్గరికెళ్ళి, ఏం చెయ్యాలో తోచక, నా చేతి గడియారం విప్పి ఆయన గడియారం పక్కన పెట్టాను. గొంతు సవరించుకున్నాను. అంతే, ఆ తర్వాత నా ప్రమేయం లేదు. "గుడ్ మార్నింగ్ ఎవ్రీబడీ" దగ్గర్నుంచి అన్నీ ఆయన మాటలే, ఆయన విరుపులే, ఆయన ఆగే చోట ఆగడమే. పక్కన నిలబడి డెమో సార్ అభినయం పట్టాడు. నేను బోర్డ్ అంటే ఆవులించాడు, షాక్డ్ అంటే గుండె పట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు. "మీ రిజల్ట్ షాకింగ్" అన్నాను. పిన్ని ఒక క్షణం ముందే నవ్వింది, ఆ వెనకే హాలంతా నవ్వింది. నా మాటకి అంతమంది నవ్వడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిస్తే ఏమీ కాదన్నమాట, ప్రాణాలు పోవన్నమాట అనుకున్నాను.

అంతా అయిపోయింది, గండం గడిచింది అనుకుంటుండగా వెనక వరసలో కళ్ళజోడాయన ఒకడు లేచాడు. "మేడమ్, డౌట్. ట్రైన్ టికెట్టుకి వెయిటింగ్ లిస్ట్ అంటారు కదా. వెయిట్ చేసేది మనం, చేయించేది లిస్టు. మరి మీ లెక్క ప్రకారం లిస్టు వెయిటింగ్, మనం వెయిటెడ్ అవ్వాలి. అలా ఎవరూ అనరే?" విన్న అన్ని డెమోల్లోనూ ఇది రాలేదు. డెమో సార్ వైపు చూశాను, ఆయన మఫ్లర్ సర్దుకుంటున్నాడు. పిన్ని పమిట చెంగు నోట్లో పెట్టుకుంది. సరిగ్గా అప్పుడు, డెమోలో ఎవరేం డౌటడిగినా ఆయన చదివే ఆఖరి మంత్రం, ఎన్నోసార్లు విని విని ఉన్నది, దానంతటదే నా నోట్లోకి వచ్చింది. "గుడ్ క్వశ్చన్! దట్ వి విల్ సీ ఇన్ రెగ్యులర్ క్లాస్." కళ్ళజోడాయన చాలా తృప్తిగా తలూపి కూర్చున్నాడు. హాలంతా తలూపింది. ఆ రోజే బ్యాచ్ నిండిపోయింది. సఫారీ సార్ వచ్చి డెమో సార్ వీపు తట్టి, "ఇగ నువ్వు గీడ్నే ఉండు భాయ్, రెగ్యులర్ క్లాసులు నువ్వే తీస్కో" అన్నాడు. డెమో సార్ రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఆ దండం సగం ఆయనకి, సగం మా పిన్నికి.

మర్నాడు సోమాజిగూడ ఆఫీసులో ఏసీ గదిలో ముగ్గురు కూర్చున్నారు. కుర్చీలో కూర్చోగానే నాకు తెలియకుండానే గడియారం విప్పి బల్ల మీద పెట్టేశాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మధ్యలో ఉన్న మేనేజరు గారు ఇంగ్లీషులో అడిగారు, టికెట్టు ఇంకా ఖరారు కాలేదని కస్టమరు వచ్చి కౌంటర్లో అరిస్తే ఏం చేస్తావని. అరుపులు అనగానే నా పాఠం నాకు దొరికింది. "సర్, వెయిటింగ్ ఈజ్ ఇరిటేటింగ్. సో కస్టమర్ ఈజ్ ఇరిటేటెడ్. బట్ ఐ విల్ నాట్ బి ఇరిటేటెడ్, అండ్ ఐ విల్ నాట్ బి ఇరిటేటింగ్" అన్నాను గుక్క తిప్పుకోకుండా. ఆయన కనుబొమలెత్తి, "వెరీ గుడ్" అన్నారు. పక్కాయన ఊరుకోవచ్చా? విదేశీ టికెట్లు రద్దయితే డబ్బు వాపసుకి నియమాలేంటో చెప్పమన్నాడు. అందులో ఒక్క మాట కూడా నాకు తెలీదు. నోరు మాత్రం ఆగలేదు. "గుడ్ క్వశ్చన్ సర్. దట్ వి విల్ సీ ఇన్ రెగ్యులర్ క్లాస్."

అనేశాక గానీ తెలీలేదు ఏమన్నానో. కళ్ళ ముందు కొత్త ఫ్యాను గిర్రున తిరిగింది. అప్పుడు మేనేజరు గారు నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకునే దాకా నవ్వారు. "ఇంత మర్యాదగా తెలీదని చెప్పినవాళ్ళని నేను చూడలేదమ్మా. కౌంటర్లో మాకు కావల్సింది ఇదే. వచ్చే ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్" అన్నారు, తెలుగులో. మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "సంతోషం అమ్మలూ" అని, ఆ వెంటనే, "మరి ఆ ఫ్యానో?" అన్నాడు. "నువ్వేసుకో నాన్నా, నీకే ఉక్కపోత ఎక్కువ" అన్నాను.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఆ కౌంటర్లోంచి ఎన్నో కుర్చీలు మారాను, ఇప్పుడు నేనే ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మా పిన్ని ప్రస్తుతం యోగా డెమోలు చూస్తోంది, ఇంకా ఎక్కడా చేరలేదు. మొన్నొక సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే, ఎదురుగా కమ్మీ పట్టుకుని డెమో సార్! జుట్టు నెరిసింది, చొక్కా చేతులు మాత్రం అలాగే మడిచి ఉన్నాయి. నన్ను చూసి, "అరె, ఏడనన్న జాయినైనవా అమ్మా?" అన్నాడు. పలకరింపుకి ముందే ఆ ప్రశ్న!

"లేదు సార్. మీ రెగ్యులర్ క్లాసులు ఎలా ఉన్నాయి?"

"ఏడి రెగ్యులర్! మస్తు ఖుషీతోని టెన్సులు షురూ చేసిన. నెల తిరగకముందే సగం మంది పక్క బిల్డింగుల డెమోకు వోయిన్రు. ఆఖరికి గా డెమో చెప్తందుకు సుత నన్నే పిలిచిన్రు" అని హాయిగా నవ్వాడు. "ఏం ఫికర్ లేదమ్మా. అదే పాఠం ఇన్నేండ్లు చెప్పినా నాకైతే ఎన్నడూ బోర్ కొట్టలే."

పంజాగుట్ట స్టేషన్ వస్తోంది, ఆయన తలుపు వైపు కదిలాడు. ఇన్నేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది నాకు. "సార్, సార్, ఆ వెయిటింగ్ లిస్ట్ డౌటుకి ఆన్సరేంటి? ఇప్పటికైనా చెప్పండి!" ఆయన ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు, గొంతు సవరించుకున్నాడు. "గుడ్ క్వశ్చన్, మేడమ్" అన్నాడు క్లాసు గొంతుతో. తలుపులు మూసుకున్నాయి. లక్డీకాపూల్ దాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను, పక్క సీటావిడ జరిగి కూర్చుంది కూడా. ఆ మొదటి డెమోలో చెవులు ఎర్రబడి కూర్చున్న పిల్లని తల్చుకుంటే ముద్దొచ్చింది. తెలియనివన్నీ రేపట్నుంచి ఎవరో వచ్చి చెప్తారనుకుంది పాపం. ఎవరూ రాలేదు గానీ, ఆ ఒక్క పాఠంతోనే ఇంత దూరం వచ్చేసింది.